ఇంకొక్క రుద్దు

రాత్రి పన్నెండున్నర. డాలస్‌కి అరగంట దూరంలో ఉన్న మా ఇంటి గరాజ్. బల్ల మీద టేబుల్ లైటు, ఒక పాత తువ్వాలు, దాని మీద నా పాయింట్ టూ టూ పిస్టల్. మ్యాగజీన్ తీసేశాను. చాంబర్ ఖాళీ అని మూడుసార్లు చూసుకున్నాను. బోల్ట్ వెనక్కి లాగి వదిలాను కాబట్టి లోపల హ్యామర్ లేచి నిలబడి ఉంది. ట్రిగ్గర్ మీద వేలు లేదు. చిన్న రబ్బరు సుత్తితో పిస్టల్ వెనక వైపు మెల్లిగా, పక్కింటి తలుపు తట్టినట్టు, ఒక్కసారి తట్టాను.

టక్.

అంతే. చాలా చిన్న చప్పుడు. కానీ నాకు వెన్నులోంచి చలి పుట్టుకొచ్చింది. అది హ్యామర్ పడిన చప్పుడు. ఎవరూ ట్రిగ్గర్ నొక్కకుండా దానంతట అదే పడింది. చాంబర్‌లో తూటా ఉండి ఉంటే పేలేది.

గోడ అవతల గదిలో మా ఆరేళ్ల పాప నిద్రపోతోంది. ఆ పక్క గదిలో తెనాలి నుంచి వచ్చిన అమ్మానాన్న.

ఆ పిస్టల్ నా దగ్గరికి వచ్చినప్పుడు అలా లేదు. దాన్ని అలా తయారుచేసింది నేనే. నాలుగు రాత్రులు కూర్చుని, ఇష్టంగా, ఓపిగ్గా, నా చేతులతో.

అసలు నాకెందుకు ఈ గోల

తెనాలిలో పెరిగినవాడికి తుపాకీ అంటే దీపావళికి కొనుక్కునే రీళ్ల తుపాకీ. లేదంటే సినిమాలో హీరో చేతిలోది. అమెరికా వచ్చాక కూడా చాలా ఏళ్లు నేను దాని జోలికి పోలేదు. 2023లో హాంగ్‌జౌలో ఆసియా క్రీడలు జరిగినప్పుడు మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్‌లో రజతం గెలిచింది. టీమ్‌లో స్వర్ణం కూడా. అప్పటికి ఆ అమ్మాయికి పద్దెనిమిదేళ్లు. లంచ్ టైములో ఫోన్‌లో ఆ క్లిప్పులు చూస్తుంటే నాకు నచ్చింది పతకం కాదు, ఆ నిశ్శబ్దం. ఒక చెయ్యి జేబులో, ఒక చెయ్యి గాల్లో, ఒంట్లో ఇంకేదీ కదలడం లేదు. రోజూ తొమ్మిది మీటింగుల మధ్య బతికేవాడికి అది ధ్యానంలా కనపడింది.

ఆ శనివారం రేంజ్‌కి వెళ్లి అద్దె పిస్టల్‌తో యాభై తూటాలు కాల్చాను. నల్ల గుండ్రంలో పడ్డవి పదకొండు. ఇంటికొచ్చే దారిలోనే మళ్లీ ఎప్పుడు వెళ్దామా అనుకున్నాను.

నాకు గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి చట్టప్రకారం కొనుక్కోవచ్చు. స్టూడెంట్ వీసా, హెచ్1బి మీద ఉన్నవాళ్లకి కొన్ని మినహాయింపులు తప్ప తుపాకీ దగ్గర ఉంచుకోవడమే ఇక్కడి ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. షాపులో ఫారం నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాక, ఒక సెకండ్‌హ్యాండ్ రూగర్ మార్క్ టూ తెచ్చుకున్నాను. బరువైన గొట్టం ఉన్న టార్గెట్ మోడల్. దాంతోపాటే తాళం ఉన్న స్టీలు పెట్టె, తూటాలకి ఇంకో పెట్టె. టెక్సాస్‌లో పిల్లల చేతికి అందేలా తుపాకీ వదిలేయడం నేరం. నేరం కాకపోయినా మా ఆవిడ ఒప్పుకునేది కాదు.

పాయింట్ టూ టూ అంటే తూటాల్లో బుల్లిది. మామూలు తూటాకి అడుగున మధ్యలో మందు బొట్టు ఉంటుంది. దీనికి అలా కాదు, అడుగు అంచు చుట్టూ లోపల మందు ఉంటుంది. పిన్ను ఆ అంచు మీద కొడితే అంటుకుంటుంది. అందుకే దీన్ని రిమ్‌ఫైర్ అంటారు. ధర తక్కువ, వెనక్కి తన్నడం తక్కువ, చప్పుడు తక్కువ. కాబట్టే గురి నేర్చుకునేవాళ్లలో చాలామంది దీంతోనే మొదలుపెడతారు. ఈషా కాల్చిన ఈవెంట్‌లో వాడేది కూడా ఈ సైజు తూటానే. బుల్లిది కదా అని ఆటవస్తువు అనుకోకండి. దీనికి మనిషి ప్రాణం తీసేంత శక్తి ఉంది.

గరాజ్‌లో పుట్టిన పిస్టల్

ఈ పిస్టల్ పుట్టుక కూడా ఒక గరాజ్ కథే. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక బిల్ రూగర్ అనే ఆయన, యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఒక సైనికుడి దగ్గర జపాన్ వాళ్ల నాంబు పిస్టల్ కొన్నాడు. దాన్ని చూసి తన గరాజ్‌లో అలాంటివి రెండు చేసుకున్నాడు. ఆ పనిలో తట్టిన ఆలోచనలతో 1949లో, అలెగ్జాండర్ స్టర్మ్ అనే స్నేహితుడు పెట్టిన 50,000 డాలర్లతో కంపెనీ మొదలుపెట్టాడు. వాళ్ల మొదటి సరుకు ఒక .22 పిస్టల్. ధర 37.50 డాలర్లు. స్టర్మ్ 1951లోనే చనిపోయాడు. అప్పటిదాకా పిడి మీద ఎర్రగా ఉండే గద్ద బొమ్మని ఆయన జ్ఞాపకంగా నల్లగా మార్చారు. ఆ మొదటి పిస్టల్‌కి మనవడే 1982లో వచ్చిన నా మార్క్ టూ.

ఈ కథ చదివాక నాకు లేనిపోని ధైర్యం వచ్చింది. ఆయన గరాజ్‌లో పిస్టల్ చేస్తే నేను గరాజ్‌లో ఒక ట్రిగ్గర్ సాఫీ చేయలేనా? ఆయన యంత్రాల మీద అంతకుముందే పనిచేసినవాడన్న సంగతి నాకు గుర్తుకు రాలేదు.

నిజానికి నా ట్రిగ్గర్‌కి జబ్బేమీ లేదు. కొంచెం బరువు, కొంచెం గరుకు. తుప్పు పట్టిన బీరువా సొరుగు లాగితే ఎలా ఉంటుంది? కాస్త వస్తుంది, ఆగుతుంది, గీసుకుంటుంది, మళ్లీ వస్తుంది. అలా ఉండేది. గురి చూస్తున్నప్పుడు వేలు ఆ గరుకు దగ్గర ఆగితే మనసు కూడా అక్కడే ఆగుతుంది. ఆ క్షణంలో గొట్టం ఒక వెంట్రుకవాసి పక్కకి పోతుంది. తూటా నల్ల గుండ్రం దాటిపోతుంది.

ట్రిగ్గర్ బరువు కొలిచే చిన్న గేజ్ తెప్పించాను. పదిసార్లు లాగితే సగటు 2 కిలోల 200 గ్రాములు వచ్చింది. మా రేంజ్‌లో నెలకోసారి బుల్స్‌ఐ పోటీ పెడతారు. ఒంటి చేత్తో ముప్ఫై తూటాలు, మొత్తం 300 పాయింట్లు. మొదటి పది తీరిగ్గా. తర్వాత పది, ఇరవై సెకన్లకి ఐదు చొప్పున. ఆఖరి పది, పది సెకన్లకి ఐదు చొప్పున. నా స్కోరు 240 దగ్గర గడ్డకట్టుకుపోయింది. తప్పు ట్రిగ్గర్‌దే అని తేల్చేశాను. మనమెప్పుడు మన తప్పు ఒప్పుకున్నాం గనక!

తూటాలెక్కడ?

సరిగ్గా అప్పుడే అమ్మానాన్న ఆరునెలలకని వచ్చారు. ఇంట్లో పిస్టల్ ఉందని తెలిసిన రోజు అమ్మ అన్నం తినలేదు. ఎందుకో అడిగితే ఫోన్ తెరిచి చూపించింది. అమెరికాలో చదువుకునే మన తెలుగు కుర్రాడొకడు తుపాకీ శుభ్రం చేసుకుంటుంటే పేలి చనిపోయాడన్న పాత వార్త. ఎప్పుడో సేవ్ చేసి పెట్టుకుంది.

"వాడు కూడా వాళ్లమ్మకి ఏం కాదనే చెప్పుంటాడు," అంది.

నా దగ్గర జవాబు లేదు. తాళాలు చూపించాను, పెట్టెలు చూపించాను. చూసింది గానీ మాట్లాడలేదు.

నాన్న సంగతి వేరు. తెనాలిలో నలభై ఏళ్లు గడియారాలు బాగుచేశాడు. అరుగు మీద చిన్న అద్దాల పెట్టె, కంటికి భూతద్దం, గిన్నెలో పెట్రోలు, అందులో తేలుతూ హెచ్‌ఎంటీ వాచీల పళ్లచక్రాలు. సెల్‌ఫోన్లు వచ్చాక టైము చూసుకోవడానికి వాచీ అక్కర్లేకుండా పోయింది. బ్యాటరీలు మార్చడం తప్ప పని లేకుండా పోయింది. దుకాణం మూసేశాడు. చేతులు మాత్రం ఇంకా ఖాళీగా ఉండలేవు. మా ఇంట్లో వదులైన ప్రతి స్క్రూ వచ్చిన వారంలోనే బిగించేశాడు.

మొదట డైనింగ్ టేబుల్ మీద విప్పబోతే మా ఆవిడ, "ఏవండీ, అది అన్నం తినే టేబులు," అని కసిరింది. ఆమె మాట నిజం. .22 తూటా తల సీసం. ఆ మసిలో సీసం ఉంటుంది. తిండి దగ్గర, పిల్లల దగ్గర ఆ పని చేయకూడదు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. గరాజ్‌కి మారాను.

ముక్కలన్నీ తువ్వాలు మీద పరిచి కూర్చుంటే నాన్న వచ్చాడు.

"ఏందిరా ఇన్ని ముక్కలు?"

"ట్రిగ్గర్ గరగరలాడుతోంది నాన్నా. సాఫీ చేద్దామని."

"తూటాలెక్కడ?"

"లోపల అల్మరాలో. తాళం వేసి."

"చూపించు."

లేచి వెళ్లి చూపించాను. అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కళ్లజోడు సర్దుకుని, పేర్లు అడగకుండానే ఒక్కో ముక్క తీసి వెలుతురులో తిప్పి చూశాడు. ఐదు నిమిషాల తర్వాత, "గడియారమేగా ఇది," అన్నాడు. "స్ప్రింగులో బలం దాచిపెట్టడం, ఒకడు దాన్ని పట్టుకుని ఆపడం, టైముకి వదలడం. అంతేగా?"

అంతే. నేను మూడు వారాలు వీడియోలు చూసి అర్థం చేసుకున్నది అదే.

మిగిలిపోయిన పిన్ను

నాన్న మొదటి మాట, "ముందు కడుగు." .22 తూటాలు మురికి సరుకు. కాలిన మందు, తూటాకి పూసిన మైనం, సీసం పొడి కలిసి నల్లటి జిడ్డులా పేరుకుంటాయి. ఎవరు వాడారో ఎన్నేళ్లు వాడారో తెలియని పిస్టల్ అది. పాత టూత్‌బ్రష్‌తో, సాల్వెంట్‌తో, ఇద్దరం ఒక సాయంత్రమంతా కడిగాం. ఆరబెట్టి, ఒక్కో చుక్క నూనె వేసి, బిగించి కొలిచాను. 1 కిలో 950 గ్రాములు. ఒక్క ముక్క కూడా రుద్దకుండానే పావు కిలో పోయింది.

"రిపేరుకొచ్చిన పది వాచీల్లో ఆరింటికి రోగం మురికే," అన్నాడు నాన్న. "కానీ కడిగానంటే డబ్బులివ్వరు. బాగుచేశానని చెప్పాలి."

మార్క్ టూ విప్పడం సులువు, బిగించడం నరకం. హ్యామర్ వెనక వేలాడే చిన్న కమ్మీ స్ప్రింగు గిన్నెలో సరిగ్గా కూర్చోవాలి. పిస్టల్‌ని ఒకసారి పైకి, ఒకసారి కిందికి తిప్పుతూ దాన్ని బుజ్జగించాలి. నాలుగోసారికి కూర్చుంది. గర్వంగా నాన్న వైపు చూశాను. నాన్న తువ్వాలు వైపు చూస్తున్నాడు.

"అబ్బాయ్, ఇదేంది?"

అగ్గిపుల్ల ముక్కంత పిన్ను. తువ్వాలు మడతలో ఉంది.

"ఎక్స్‌ట్రా ఏమో నాన్నా."

"వాచీ బిగించాక బల్ల మీద ఏదన్నా మిగిలిందంటే, అది వాచీకి ఎక్కువైంది కాదు. నీకు తక్కువైంది. విప్పు."

విప్పాను. మాన్యువల్ తీసి చూస్తే గుండె జారింది. తూటాని కొట్టే ఫైరింగ్ పిన్ మరీ ముందుకు దూకకుండా ఆపే అడ్డపుల్ల అది. అది లేకుండా ఖాళీ పిస్టల్ ట్రిగ్గర్ నొక్కితే, ఫైరింగ్ పిన్ నేరుగా చాంబర్ అంచుని కొడుతుంది. అంచు నొక్కుకుపోతుంది. ఆ తర్వాత తూటాలు సరిగ్గా లోపలికి వెళ్లవు, బయటికి రావు. చాలా .22 తుపాకుల్ని ఖాళీగా పేల్చకూడదనేది ఇందుకే. దీన్ని పేల్చవచ్చు, ఆ బుల్లి పిన్ను ఉన్నంతవరకు.

ఆ రోజు నుంచి ఒక గుడ్లట్ట పెట్టుకున్నాను. పన్నెండు గుంటలు. విప్పిన వరసలో ఒక్కో గుంటలో ఒక్కో ముక్క. ఇంకో పని, విప్పే ముందు ప్రతి దశలో ఫోన్‌తో ఫొటో. ఫోన్ వల్ల నాకు నిజంగా కలిగిన మేలు అదొక్కటే అనుకుంటా.

ఏది రుద్దాలి, ఏది రుద్దకూడదు

సాఫీ చేయడం అంటే అన్నీ తళతళలాడించడం కాదు. ఏది దేనికి గీసుకుంటోందో ముందు తెలియాలి. దానికొక చిట్కా ఉంది. ముక్కల పక్కలన్నిటికీ నల్ల మార్కర్ పూసి, బిగించి, యాభైసార్లు ఆడించి, మళ్లీ విప్పాలి. రంగు పోయిన చోటే రాపిడి ఉన్నట్టు. హ్యామర్‌కి రెండు పక్కలా, ట్రిగ్గర్ నుంచి వెనక్కి వెళ్లే సన్నటి కమ్మీ పక్కన, బోల్ట్ అడుగున రంగు పోయింది. మిగతాదంతా నల్లగానే ఉంది. అంటే మిగతాది నా పని కాదు.

అద్దం ముక్క మీద వెయ్యి నంబరు ఎమెరీ పేపర్ పరిచి, నూనె చుక్క వేసి, ముక్కని దాని మీద మెల్లిగా నడిపించాలి. పేపర్‌ని చేత్తో పట్టుకుని రుద్దితే అంచులు గుండ్రం అయిపోతాయి. తర్వాత రెండువేల నంబరు. ఆఖర్న గుడ్డతో పాలిష్. నాన్న బ్రాస్సో ఉందా అని అడిగాడు. అమెరికాలో కూడా దొరికింది, ఆయన ముఖం వెలిగిపోయింది.

రెండు సాయంత్రాల పని. కొలిస్తే 1 కిలో 750. అంకె కన్నా తేడా వేలికి తెలిసింది. బీరువా సొరుగు పోయి, గ్రీజు పెట్టిన తలుపు గడియ వచ్చింది.

నాన్న అప్పుడొక ముక్క తీసి నా అరచేతిలో పెట్టాడు. చిటికెన వేలి గోరంత. సియర్ అంటారు దాన్ని. లేచి నిలబడ్డ హ్యామర్‌ని పట్టుకుని ఆపేది అదే. ట్రిగ్గర్ నొక్కితే అది పక్కకి జరుగుతుంది, హ్యామర్ పడుతుంది.

"వాచీలో ప్యాలెట్ లాంటిదిరా ఇది. స్ప్రింగు బలమంతా ఈ చిన్న అంచు మీద ఆగుంది. దీన్ని ముట్టుకోమాక."

"ముట్టుకోను నాన్నా."

"ఇంకొక్క రుద్దు రుద్దితే ఇంకా బాగుంటుంది అనిపిస్తది చూడు, అక్కడే ఆపెయ్యాలి. తీసిన ఇనుము మళ్లా పెట్టలేం."

తల ఊపాను. మనసులో మాత్రం అసలు గరుకంతా ఆ అంచులోనే ఉంది కదా అనుకున్నాను.

నాలుగు రాత్రులు

అందరూ పడుకున్నాక మొదలుపెట్టాను. సన్నటి సాన రాయి కొన్నాను. మొదటి రాత్రి రెండే రెండు రుద్దులు. 1500 గ్రాములకి దిగింది. వెన్నలా ఉంది. ఆపేసి ఉంటే ఏమయ్యేదో. రెండో రాత్రి ఇంకో రెండు. మూడో రాత్రి 1200. పొద్దున్నే నాన్న ఎదురుపడితే చూపు తిప్పుకున్నాను. చిన్నప్పుడు దుకాణం గల్లాలోంచి అర్ధరూపాయి తీసిన రోజుల్లో కూడా ఇలాగే తిప్పుకునేవాణ్ణి.

నాలుగో రాత్రి 700. ట్రిగ్గర్ మీద వేలు ఆనిస్తే చాలు, పడిపోతోంది. ప్రపంచ పోటీల్లో ఈషా లాంటివాళ్లు కాల్చే 25 మీటర్ల పిస్టల్‌కే ట్రిగ్గర్ బరువు కనీసం 1000 గ్రాములు ఉండాలి. పోటీలో బరువు వేలాడదీసి మరీ పరీక్షిస్తారు. మా బుల్స్‌ఐలో .22కి కనీసం రెండు పౌండ్లు, అంటే 900 గ్రాముల పైనే. నాకీ రెండు నియమాలూ తెలుసు. తెలిసి కూడా ఆ 700 చూసి మురిసిపోయాను. పోటీకి పనికిరాని ట్రిగ్గర్ చేసుకుని ఎందుకు మురిశానో ఇప్పటికీ నాకు అర్థం కాదు. చేత్తో పనిచేస్తున్నప్పుడు ఎక్కే మత్తు అలాంటిది.

ట్రిగ్గర్ మీద ఏ పని చేసినా ఆఖర్న ఖాళీ పిస్టల్‌ని తట్టి చూడాలని ఎక్కడో విన్నాను. మొదటి మూడు రాత్రులు తట్టలేదు. నాలుగో రాత్రి, అదీ పడుకోబోతూ, సరే చూద్దాం అని తట్టాను.

టక్.

మళ్లీ లేపి తట్టాను. టక్. ఐదుసార్లలో మూడుసార్లు పడింది.

మర్నాడు శనివారం. పాప స్విమ్మింగ్ క్లాసు అయ్యాక నేను రేంజ్‌కి వెళ్లాలి. అక్కడ వరసగా పది బల్లలుంటాయి. నా పక్క బల్ల దగ్గర ఎప్పుడూ ఒక కాలేజీ అమ్మాయి, వాళ్ల నాన్న ఉంటారు. తూటా ఎక్కించిన పిస్టల్‌ని నేను బల్ల మీద కాస్త గట్టిగా పెట్టానంటే? గొట్టం ఆ క్షణంలో ఎటు తిరిగి ఉందంటే? ఆ రాత్రి నిద్రపోలేదు. అమ్మ సేవ్ చేసుకున్న వార్త గుర్తొచ్చింది. దాని పక్కన ఇంకో వార్త ఉండేదన్నమాట, నా పేరుతో.

గారె పైపొర

సోమవారం పిస్టల్‌ని పెట్టెలో పెట్టి, ముప్ఫై మైళ్ల దూరంలో ఉన్న ఒక గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లాను. డెబ్బై ఏళ్ల పెద్దాయన. సియర్‌ని మైక్రోస్కోప్ కింద పెట్టి నన్ను చూడమన్నాడు. నేను అద్దంలా ఉందనుకున్న అంచు, అక్కడ అరిగిపోయిన సబ్బుబిళ్లలా గుండ్రంగా ఉంది. రెండు అంచులూ ఒకదాన్నొకటి పట్టుకోవాల్సిన కోణమే మారిపోయింది.

ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఇలాంటి ముక్కలు చాలావాటికి గట్టిదనం పైపొరలోనే ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే గారె లాంటిది, పైన కరకర, లోపల మెత్తన. ఆ పైపొర అరగదీస్తే ఈ రోజు బాగానే ఉన్నట్టుంటుంది. వంద తూటాల తర్వాత మెత్తటి ఇనుము ఇంకా అరుగుతుంది. ఏ రోజు జారుతుందో ఎవరూ చెప్పలేరు.

"ఎలా కనిపెట్టావు?" అని అడిగాడు.

"సుత్తితో తట్టాను."

"ఖాళీగానా?"

"ఖాళీగానే."

"అయితే సగం పని నేర్చుకున్నావు," అన్నాడు. మిగతా సగం ఏమిటో చెప్పలేదు. నాకు అప్పటికే తెలుసు.

కొత్త సియర్, కొత్త హ్యామర్ తెప్పించి ఆయనే బిగించాడు. నేను పక్కలకి చేసిన పాలిష్‌లో మంచిదాన్ని అలాగే ఉంచాడు. ట్రిగ్గర్ 1600 గ్రాములు. సుత్తితో ఇరవైసార్లు తట్టి చూపించాడు. ఒక్కసారి కూడా పడలేదు.

నాన్న చెప్పిన వాచీ కథ

ఆ రాత్రి నాన్నకి చెప్పేశాను. పాడైన సియర్‌ని ఆయన చేతిలో పెట్టాను. భూతద్దం లేకుండానే వేలి కొసతో అంచు తడిమాడు. తిడతాడనుకున్నాను.

"నేనూ ఒకసారి చేశాలే," అన్నాడు.

దుకాణం పెట్టిన కొత్తలో ఒకాయన వాచీ తెచ్చాడట. పెళ్లిలో మామగారు పెట్టిన వాచీ. నడక బాగుచేయడానికి ఇచ్చాడు. నడక బాగైపోయింది. కానీ కుర్రతనం కదా, పైన గీతలు కనపడుతుంటే పాలిష్ పెడదామనిపించిందట. పెట్టాడు. ఇంకొంచెం పెట్టాడు. కొత్తదానిలా మెరిసింది. వెనక్కి తిప్పి చూసుకుంటే, మామగారు చెక్కించిన పేర్లు లేవు. అరిగిపోయాయి.

"ఏమన్నాడు నాన్నా ఆయన?"

"ఏమీ అనలా. వెనక్కి తిప్పి చూశాడు. డబ్బులిచ్చి పోయాడు. మళ్లా దుకాణానికి రాలా. ఒక్క మాట తిట్టినా బాగుండేది."

నలభై ఏళ్లనాటి సంగతి. చెబుతుంటే ఆయన గొంతు ఇప్పటికీ పట్టుకుంది. ఆ 'ఇంకొక్క రుద్దు' మాట ఎక్కడిదో నాకు అప్పుడు అర్థమైంది. ఆ మాటకి ఆయన కట్టిన ధర ఒక కస్టమరు. నాకు అది ఊరికే ఇచ్చాడు, నేను తీసుకోలేదు. నా ధర ఎంతయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ చెయ్యి వణుకుతుంది.

స్కోరు సంగతి

తర్వాత రెండు నెలలు పిస్టల్ విప్పలేదు, శుభ్రం చేయడానికి తప్ప. తూటాలు ఇంకో గదిలో తాళంలో పెట్టి, చాంబర్ ఖాళీ అని నేనొకసారి, నాన్న ఒకసారి చూశాక, రోజూ పది నిమిషాలు ఖాళీగా నొక్కడం సాధన చేశాను. గొట్టం మీద నాన్న తన జేబులోంచి తీసిన పది రూపాయల నాణెం పెట్టేవాడు. ట్రిగ్గర్ పడినా నాణెం పడకూడదు. మొదటి రోజు పదింటికి ఎనిమిదిసార్లు పడింది. ఆర్నెల్లు పూర్తయి వాళ్లు వెళ్లే వారానికి పదింటికి ఒకటి.

ఆ నెల బుల్స్‌ఐలో 258 వచ్చింది. నా చేతిపని ట్రిగ్గర్ బరువు తగ్గించినప్పుడు పెరిగింది మూడు పాయింట్లు. నాణెం వల్ల పెరిగింది పదిహేను. గరుకు ట్రిగ్గర్‌లో కొంచెమే ఉంది. మిగతాదంతా నా వేలిలో, నా తొందరలో ఉంది.

మన దేశంలో ఉండి ఇది చదివేవాళ్లకి ఒక మాట. అక్కడ 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ ఉంచుకోవడానికే కాదు, బాగుచేయడానికి కూడా లైసెన్సు కావాలి. ఇంట్లో ప్రయత్నించే పనే కాదు. ఇక్కడున్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఇంకో మాట. తుపాకీ ఉంటే కడగడం నేర్చుకోండి. విప్పే ముందు మ్యాగజీన్ తీసి, చాంబర్‌లోకి కళ్లతో చూడండి, వేలితో తడిమి చూడండి. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. హ్యామర్, సియర్ కలిసే అంచు మాత్రం మీది కాదు, గన్‌స్మిత్‌ది.

వాళ్లు వెళ్లిపోయే రోజు ఎయిర్‌పోర్టుకి బయల్దేరుతుంటే అమ్మ అడిగింది, "అది బాగైందా మరి?"

"బాగైందమ్మా."

"పెట్టెలో ఉందా?"

"ఉంది."

"తాళం?"

కారు దిగి లోపలికి వెళ్లి, తాళం లాగి చూసి వచ్చాను. వేసే ఉంది. వచ్చి చెప్పాకే అమ్మ సీటు బెల్టు పెట్టుకుంది.